అమ్మకు చెప్పొద్దు పిన్నీ!

ఆ మధ్య మాఘ పౌర్ణమి రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. చూస్తే మా అక్క కూతురు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ‘పిన్నీ, పడుకున్నావా?’ అంది. ఆ గొంతు వినగానే నిద్రమత్తు వదిలిపోయింది. ‘ఎక్కడున్నావే?’ అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా ‘కో ఫంగన్‌లో’ అంది. నాకేమీ అర్థం కాలేదు. ‘థాయ్‌లాండ్ పిన్నీ. అదో దీవి. అమ్మకు చెప్పొద్దు’ అంది.

తెనాలిలో ఉన్న మా అక్కకు తెలిసిందల్లా కూతురు ఆఫీసు ట్రైనింగ్ మీద బెంగుళూరు వెళ్ళిందని. వెళ్ళింది మాత్రం ముగ్గురు స్నేహితురాళ్ళతో, వీపుమీద తలా ఒక సంచీ తగిలించుకుని, పౌర్ణమి నాడు సముద్రం ఒడ్డున జరిగే సంబరం చూడటానికి. అయితే మాఘ పౌర్ణమి అక్కడి బౌద్ధులకు పర్వదినం. అందుకని సంబరం ఒక రోజు జరిగింది. ఖాళీగా ఉండటమెందుకని పొద్దున్నే రెండు స్కూటర్లు అద్దెకు తీసుకున్నారు. కొండదారి. దిగుడులో ఒక స్కూటర్ జారింది. వెనక కూర్చున్న పిల్ల చెయ్యి విరిగింది.

ఇది జరిగింది అక్కడి టైము ప్రకారం ఉదయం పదింటికి. నాకు ఫోన్ వచ్చింది పద్నాలుగు గంటల తర్వాత. అంతసేపూ ఆ పిల్ల హాస్టల్ గదిలో నొప్పి బిళ్ళలు మింగుతూ పడుకుంది. మిగిలిన ముగ్గురూ పక్కన కూర్చుని ‘ఎవరికి చెబుదాం? ఏమని చెబుదాం?’ అని తర్జనభర్జన పడుతున్నారు. స్కూటర్ల కొట్టువాడు పాస్‌పోర్టు హామీగా పెట్టుకున్నాడు. రిపేరుకు అడిగినంతా ఇస్తేగాని ఇవ్వనంటున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు బండి నడిపిన అమ్మాయి అంతర్జాతీయ లైసెన్స్ కాగితం చూపించమన్నారు. అది లేదు. చేతిలో డబ్బు చాలదు. ఇంటికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ‘బెంగుళూరులో కదా ఉండాలి నువ్వు?’ అని.

‘ముందు ఆసుపత్రికి వెళ్ళండి. డబ్బు సంగతి నేను చూసుకుంటా. ఆ పిల్ల వాళ్ళమ్మ నంబరు నాకివ్వు’ అన్నాను. ‘అమ్మో, వద్దు పిన్నీ’ అంది. చెయ్యి విరిగి పద్నాలుగు గంటలైనా ‘వద్దు’ అనే అంటోందంటే ఆ పిల్ల దేనికి ఎక్కువ భయపడుతోందో నాకప్పుడు అర్థమైంది. ఆ రాత్రినుంచి దీన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇది మా ఇంటి ఒక్క కథే అయితే రాసేదాన్ని కాదు. 2023 నవంబరులో మనవాళ్ళు వీసా లేకుండా రావచ్చని థాయ్‌లాండ్ తలుపులు తీసింది. 2024 జూలైలో ఆ గడువును 60 రోజులకు పెంచింది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు ఎప్పటినుంచో నేరుగా విమానం ఉంది. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి కూడా మొదలైంది. 2024 ఒక్క ఏడాదిలోనే 20 లక్షలమందికి పైగా భారతీయులు అక్కడికి వెళ్ళొచ్చారు. అందులో భార్యాభర్తలున్నారు, కుటుంబాలున్నాయి, జట్టుగా వెళ్ళే ఆడపిల్లలూ ఉన్నారు. ఇంట్లో చెప్పి వెళ్ళినవాళ్ళెందరో, చెప్పకుండా వెళ్ళినవాళ్ళెందరో మాత్రం ఏ లెక్కల్లోనూ ఉండదు.

కొబ్బరితోటల దీవి

‘కో’ అంటే థాయ్ భాషలో దీవి. థాయ్‌లాండ్ సింధుశాఖలో, సూరత్ థానీ రాష్ట్రంలో ఉంది కో ఫంగన్. దక్షిణాన సముయి దీవి, ఉత్తరాన టావ్ దీవి. ఫంగన్‌లో విమానాశ్రయం లేదు. సముయి నుంచో, సూరత్ థానీ తీరం నుంచో పడవ ఎక్కాల్సిందే. విదేశీ యాత్రికులు రాకముందు అక్కడివాళ్ళకు చేపలు, కొబ్బరి ఇవే జీవనాధారం. మన కోనసీమను సముద్రం మధ్యలో, కొండలమీద పెట్టినట్టు ఊహించుకోండి. అక్కడి థాన్ సాదెత్ జలపాతం అంటే చులాలాంగ్‌కార్న్ రాజుకు ఎంతో ఇష్టం. చాలాసార్లు వచ్చి, అక్కడి రాళ్ళమీద తన పేరు గుర్తులు కూడా చెక్కించాడు.

దీవి ఆగ్నేయపు కొసన హాద్ రిన్ అనే తీరం ఉంది. 1980లలో చవకగా లోకం చుట్టే కుర్రకారు అక్కడి వెదురుపాకల్లో దిగేవారు. కొద్దిమంది కలిసి పౌర్ణమి వెన్నెల్లో ఆడిపాడటంతో మొదలైంది ఇప్పుడు ‘ఫుల్‌మూన్ పార్టీ’ అని పేరుపడ్డ జాతర. రద్దీ నెలల్లో ఒక్క రాత్రికి ఇరవై, ముప్ఫై వేలమంది కూడా చేరేవారు. కోవిడ్‌తో 2020లో ఆగి 2022లో మళ్ళీ మొదలైంది. ఒంటికి మెరిసే రంగులు, చెవులు దద్దరిల్లే పాటలు, నిప్పంటించిన మోకు మీదుగా గెంతే ఆటలు. ఇసకలో పిల్లలు ఆడుకునే చిన్న బకెట్లుంటాయే, వాటిలో సారా, సోడా, కూల్‌డ్రింక్ కలిపిపోసి, స్ట్రాలు గుచ్చి అమ్ముతారు. అదీ ఆ తీరం గుర్తు. పొద్దున్న లేచి చూస్తే ఇసకంతా సీసాలు, చెప్పులు, ప్లాస్టిక్. దాన్ని ఊడ్చేవాళ్ళలో బర్మానుంచి పొట్టచేతబట్టుకుని వచ్చిన కూలీలుంటారు. సరదాకు వెళ్ళిన మన పిల్లలు వాళ్ళనూ చూసి రావాలని నా కోరిక.

ఆపద ఎక్కడుంది?

‘అలాంటి చోటికి ఆడపిల్లలు వెళ్ళడమేమిటి?’ అని మనలో చాలామంది అంటారు. ఆ మాట అన్నంతసేపూ అసలు ప్రమాదాలేమిటో ఆలోచించం. పేరుపేరునా చూద్దాం.

మొదటిది కల్తీ మద్యం. ఆ కుర్రకారు తిరిగే దారిలోనే ఇంకో మజిలీ లావోస్‌లోని వాంగ్ వియాంగ్. 2024 నవంబరులో అక్కడ కల్తీ మద్యం తాగి ఆరుగురు విదేశీయులు చనిపోయారు. ఆరుగురిలో అయిదుగురు ఆడవాళ్ళు. అందులో ఇద్దరు 19 ఏళ్ళ ఆస్ట్రేలియా స్నేహితురాళ్ళు. వాళ్ళ ప్రాణం తీసింది మిథనాల్. రంగులో, రుచిలో తేడా తెలియదు. మామూలు మత్తులాగే ఉంటుంది. అసలు విషం శరీరంలో తయారవడానికి కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. అప్పుడు చూపు మసకబారుతుంది, వాంతులు, ఆయాసం. త్వరగా ఆసుపత్రికి చేరిస్తే విరుగుడు మందు ఉంది, డయాలిసిస్ ఉంది. ‘రాత్రి ఎక్కువైంది, పడుకుంటే పోతుంది’ అనుకుంటే మాత్రం పోయేది కళ్ళు, ప్రాణం. కల్తీ సారా సంగతి మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కదిలి, 1993లో సారాను నిషేధింపజేసిన నేల మనది. అక్కడ సీసా మారింది, బకెట్ వచ్చింది. విషం అదే.

రెండోది సముద్రం. అలకు లోపల్లోపలే మనిషిని లాక్కుపోయే ప్రవాహాలుంటాయి. అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. భూగోళానికి అటువైపున్న డొమినికన్ రిపబ్లిక్ కూడా ఒక దీవిలో భాగమే. 2025 మార్చిలో అక్కడి పుంటా కానాకు స్నేహితురాళ్ళతో సెలవులకు వెళ్ళిన 20 ఏళ్ళ భారత సంతతి విద్యార్థిని తెల్లవారుజామున సముద్రతీరంలో కనిపించకుండా పోయింది. ఆ సంగతి అధికారులకు చేరేసరికి సాయంత్రమైంది. కొద్దిరోజులకు కన్నవాళ్ళే గుండె రాయి చేసుకుని, మా బిడ్డ మునిగిపోయిందనే నిర్ధారించండని కోరారు. ఆ బాధలో ఉన్న తల్లిదండ్రుల గురించి మనవాళ్ళే రాసిన వ్యాఖ్యలు చూశారా? ‘ఆ టైములో అక్కడేం పని?’ అట. సముద్రానికి టైము తెలుసా? ఆడా మగా తేడా తెలుసా?

మూడోది దారి. పడవలు, స్కూటర్లు. 2005 జనవరిలో ఫంగన్ సంబరం నుంచి సముయికి వెళ్ళే స్పీడ్‌బోటు, పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించుకుని, మునిగిపోయింది. పదిమందికి పైగా చనిపోయారు. ఇక స్కూటర్ల సంగతి మా ఇంట్లోనే చూశాం. దీవిలో ఆసుపత్రి ఉంది గానీ, పెద్ద దెబ్బయితే మళ్ళీ పడవ మీద సముయికో, సూరత్ థానీకో తరలించాల్సిందే.

నాలుగోది చట్టం. 2022 జూన్‌లో థాయ్‌లాండ్ గంజాయిని మత్తుపదార్థాల జాబితాలోంచి తీసేసింది. వీధివీధినా కొట్లు వెలిశాయి. 2025 జూన్‌లో డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని మళ్ళీ బిగించింది. మిగతా మత్తుమందులకు అక్కడ శిక్షలు చాలా కఠినం. సంబరం రోజుల్లో దారుల్లో పోలీసు తనిఖీలుంటాయి. బ్యాంకాక్ నుంచి గంజాయి తెస్తూ మన విమానాశ్రయాల్లో పట్టుబడుతున్నవాళ్ళలో కుర్రాళ్ళూ ఉన్నారు, అమ్మాయిలూ ఉన్నారు. ‘ఈ సంచి కాస్త హైదరాబాద్‌లో మావాళ్ళకు ఇవ్వవా?’ అనే మర్యాదస్థుడు ఎదురైతే నమస్కారం పెట్టి తప్పుకోవాలి.

అయిదోది మనుషులు. ఇది అందరూ మొదట చెప్పేదే. ‘కనీసం మగతోడైనా ఉండాలి’ అంటారు. పక్కనున్న టావ్ దీవిలో 2014 సెప్టెంబరులో ఇద్దరు బ్రిటిష్ యువయాత్రికులు హత్యకు గురయ్యారు. ఆ ఇద్దరిలో ఒకరు అమ్మాయి, ఒకరు అబ్బాయి. మగవాడు పక్కనుంటే ఏమీ కాదనే ధీమాకు అక్కడ సమాధానం దొరికింది.

ఇప్పుడు ఈ అయిదింటినీ కలిపి చూడండి. విషం, నీళ్ళు, విరిగిన ఎముక, పోలీసు కేసు, చెడ్డ మనిషి. దేనికైనా మొదటి మందు ఒక్కటే. వెంటనే ఎవరికో ఒకరికి చెప్పడం. గంటలోపల చెబితే గట్టెక్కేది, పద్నాలుగు గంటలకు చెబితే గట్టెక్కదు. అబద్ధం చెప్పి గడప దాటిన పిల్ల ఆపద వస్తే ఇంటికి ఫోన్ చెయ్యదు. దీవికన్నా, వెన్నెలకన్నా, బకెట్‌కన్నా నన్ను భయపెట్టేది అదే. ఆ అబద్ధం పిల్ల ఒక్కతే ఆడిందా? ‘నిజం చెబితే చంపేస్తారు’ అనే భయాన్ని ఇరవై అయిదేళ్ళుగా నూరిపోసిన మనకు అందులో వాటా లేదా?

సంపాదనకైతే సై, సరదాకైతే ఛీ

ఆడపిల్ల ఒంటరిగా దేశం దాటడం మనకు కొత్తేమీ కాదు. కోనసీమనుంచి, కడపనుంచి ఎందరు ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్ళలేదు? పాలుతాగే బిడ్డను తల్లికి అప్పజెప్పి, భాష రాని దేశంలో, తలుపులు మూసిన ఇంట్లో, పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టి బతికినవాళ్ళున్నారు. ‘పాపం, సంసారం కోసం కష్టపడుతోంది’ అన్నాం. ఇరవై రెండేళ్ళ పిల్లను అప్పుచేసి అమెరికాకు పంపుతున్నాం. అక్కడ అర్ధరాత్రి పెట్రోల్ బంకులో పనిచేసి గదికి ఒంటరిగా నడిచి వెళ్తుందని తెలిసీ గర్వంగానే చెప్పుకుంటున్నాం. అదే పిల్ల సొంత జీతంతో నాలుగు రోజులు సముద్రం చూసొస్తానంటే మాత్రం ‘బరితెగించింది’ అంటాం. డబ్బు తెచ్చే ప్రయాణంలో కనిపించని ప్రమాదం, డబ్బు ఖర్చయ్యే ప్రయాణంలోనే కనిపిస్తుందా?

ఇక మగపిల్లల సంగతి. బ్యాంకాక్ పేరు చెబితే మన సినిమాల్లో వెకిలి నవ్వు. బావలూ మరుదులూ జట్టుగా వెళ్ళొస్తే ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. ‘మగాళ్ళు, పోనీలే’ అంటారు. ఆ ‘పోనీలే’ వల్ల వాళ్ళకేమైనా మేలు జరిగిందా? కల్తీ మందు, జారే స్కూటర్, పోలీసు కేసు మగాళ్ళను వదిలాయా? ఆడపిల్లను అతిగా అడిగి అబద్ధం నేర్పుతున్నాం, మగపిల్లవాణ్ణి ఏమీ అడక్కుండా గాలికి వదులుతున్నాం. ఇద్దరికీ జాగ్రత్త చెప్పడం మాత్రం మర్చిపోతున్నాం.

అలాగని ‘వెళ్ళనివ్వండి, ఏమీ కాదు’ అని నేననడం లేదు. అవుతుంది. మా ఇంట్లోనే అయింది. ఆడపిల్లల తప్పూ ఉంది. లైసెన్స్ కాగితం లేకుండా బండెక్కడం తప్పు. పాస్‌పోర్టు వదిలిపెట్టడం తప్పు. ఒక పిల్ల నొప్పితో మూలుగుతుంటే పరువు గురించి మీమాంస పెట్టుకోవడం పెద్ద తప్పు. ‘నా జీవితం నా ఇష్టం’ అనేవాళ్ళకు నా ప్రాణం నా బాధ్యత అన్న సంగతి కూడా తెలిసుండాలి. మా పిల్లకు ఈ మాట మొహం మీదే చెప్పాను.

తర్వాత తీరిగ్గా అడిగాను, ‘అంత దూరం పోయి నువ్వు చూసిందేంటే?’ అని. పార్టీ చూడనేలేదట. స్నేహితురాలిని వదిలి ఎవరూ కదల్లేదు. ‘మొదటి రోజు సాయంత్రం ఒడ్డున నడిచాం పిన్నీ. చీకటిపడేదాకా నడిచాం. ఎవరూ మావంక చూడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అట్లా నడవొచ్చని నాకు తెలీదు’ అంది. మన ఊళ్ళో కాలవగట్టు మీద ఆరు దాటాక నడవలేని పిల్లలు నడక కోసం సముద్రం దాటి పోతున్నారన్నమాట. ఇది వాళ్ళ తప్పా, కాలవగట్టు తప్పా?

గడప దాటేముందు

వెళ్ళే పిల్లలకూ, పంపే తల్లులకూ కొన్ని మాటలు.

– వీసా నిబంధనలు తరచూ మారతాయి. టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సమాచారం చూసుకోవాలి. 2025 మే 1 నుంచి ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో రాక వివరాల కార్డు నింపాలన్న నిబంధన వచ్చింది. దానికి రుసుము లేదు. డబ్బడిగే సైట్లను నమ్మొద్దు.

– ఫంగన్, సముయి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎక్కువ. నవంబరులో మరీను. సముద్రం పోటుమీదుంటే పడవలు ఆగిపోతాయి. తిరుగు టికెట్‌కు ఒక రోజు ఎడం ఉంచుకోవాలి.

– బండి నడిపే ఉద్దేశముంటే ఇక్కడి ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. మన లైసెన్స్‌లో ద్విచక్రవాహనం ఉండాలి. అది లేకపోతే ఇన్సూరెన్స్ ఉన్నా లేనట్టే. హెల్మెట్ తప్పనిసరి. బండి తీసుకునే ముందే నాలుగువైపులా ఫొటోలు తియ్యాలి.

– పాస్‌పోర్టు ఎవరికీ హామీగా ఇవ్వొద్దు. జిరాక్స్ ఇచ్చి, కొంత డబ్బు కట్టొచ్చు. ఒప్పుకోకపోతే ఇంకో కొట్టు.

– బకెట్లో కలిపిన మద్యం, మూత తీసిన సీసా, కొత్తవాళ్ళు అందించిన గ్లాసు ముట్టొద్దు. 20 ఏళ్ళు నిండనివాళ్ళకు అక్కడ మద్యం చట్టవిరుద్ధం. తాగి నీళ్ళలోకి దిగొద్దు. తాగిన మర్నాడు చూపు మసకగా ఉంటే అది మత్తు కాదు, వెంటనే ఆసుపత్రి.

– ఈ–సిగరెట్లు థాయ్‌లాండ్‌లోకి తీసుకెళ్ళడం నేరం. సరదాకైనా సంచిలో వద్దు.

– టూరిస్టు పోలీసు నంబరు 1155. ఇంగ్లీషులో మాట్లాడతారు. అంబులెన్స్ 1669. పోలీసు 191. ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసుకోవాలి. మా పిల్లలు 1155కి ఫోన్ చేశాకే కొట్టువాడు బేరానికి దిగి పాస్‌పోర్టు ఇచ్చాడు.

– జట్టులో ప్రతి ఒక్కరి ఇంటి నంబరు మిగతావాళ్ళందరి దగ్గరా ఉండాలి. ఏ రోజు ఏ గదిలో ఉంటారో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి.

చివరిది తల్లులకు. పిల్ల బయలుదేరే ముందు ఒక్క మాట చెప్పండి. ‘ఏం జరిగినా ముందు నాకు చెప్పు. తిట్టేదుంటే ఇంటికొచ్చాక తిడతా.’ ఈ మాటతో పోల్చితే ఏ ఇన్సూరెన్స్ పాలసీ అయినా దిగదుడుపే.

పిల్లలు తిరిగొచ్చాక మా అక్కకు నేనే చెప్పాను. చెయ్యి విరిగిన పిల్ల వాళ్ళమ్మకు ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఏడ్చిందే గాని ఒక్క దెప్పు మాట అనలేదు. మా అక్క మాత్రం గంటసేపు దులిపేసింది. నన్నూ కలిపి. బావగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు అక్క ఫోన్ చేసింది. ఇంకా కోపంగానే ఉంది. ఉన్నట్టుండి గొంతు మారింది. ‘ఆ పిల్లకు విరిగింది కుడిచెయ్యేనటే? మరి నాలుగు రోజులూ అన్నం ఎట్లా తిందే?’ అంది.

‘మన పిల్లే కలిపి పెట్టిందటక్కా’ అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. ‘ఈసారి ఎక్కడికి పోయినా నాకు చెప్పి పొమ్మను’ అని పెట్టేసింది.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు వంటింట్లో పంచాంగం క్యాలెండర్ పక్కన గోడమీద గ్యాస్ ఏజెన్సీ నంబరు, పాలవాడి నంబరు కనిపించాయి. వాటి కింద అక్క చేతిరాతతో కూతురి స్నేహితురాళ్ళు ముగ్గురి ఫోన్ నంబర్లు, వాళ్ళ అమ్మల నంబర్లు. నేను చూస్తున్నానని గమనించి, ‘ఎందుకైనా మంచిదని’ అంది.